కొండ లేని చోట మౌంటెన్ బైకు

(విజయవాడలో సైకిలు తొక్కేవాళ్ళ సమావేశంలో రిటైరైన నీటిపారుదల ఉద్యోగి ఒకరు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే సైకిళ్ళు బయట పెట్టి, లోపల కూర్చుని ఒక పెద్దాయన మాటలు వినడానికి వచ్చారంటే మీ ఓపికకు దండం పెట్టాలి. తొందరగా ముగిస్తానని మాత్రం చెప్పను. (నవ్వులు)

నన్ను పరిచయం చేసినాయన మౌంటెన్ బైకింగ్ మీద మాట్లాడతారన్నారు. మన దగ్గర మౌంటెన్లు ఏవండీ? ఇంద్రకీలాద్రి ఉంది, దాని మీదికి దర్శనానికి వెళ్తాం. మంగళగిరి ఉంది, పానకం పోసి వస్తాం. కొండపల్లి, కొండవీడు ఉన్నాయి, వాటి సంగతి చివర్లో చూద్దాం. ఇవి పోతే బ్యారేజీ దిగువన సముద్రం దాకా నేలంతా బల్లపరుపే. అయినా సరే, లావు టైర్ల సైకిలుకు ఇంతకంటే మంచి నేల చుట్టుపక్కల లేదని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

నేను కాలువల మీద ఉద్యోగం చేసినవాణ్ణి. మీరిప్పుడు హెల్మెట్ పెట్టుకుని సరదాగా తొక్కే కట్టల మీద నేను మామూలు సైకిలు తొక్కాను, జీతం తీసుకుని మరీ. (నవ్వులు) నాతోపాటు లస్కర్లు ఉండేవాళ్ళు. కట్ట మీద గండి పడకుండా, ఎవరూ తూము పగలగొట్టకుండా చూడటం వాళ్ళ పని. చేతికర్ర, టార్చిలైటు, వెనక క్యారేజీ మీద గోనెసంచి. వానలో, చీకట్లో, బురదలో వాళ్ళు తిరిగిన తిరుగుడు చూస్తే ఏ పోటీ రైడరైనా నోరెళ్ళబెట్టాలి.

వాళ్ళ దగ్గర నేర్చుకున్న ముక్క ఒకటే. డెల్టాలో నీళ్ళు ఎటు పోతాయో తెలిసినవాడికి సైకిలు ఎటు పోతుందో తెలుస్తుంది. ఈ పూటకు నేను చెప్పదలచుకున్నదీ అంతే. మిగతాదంతా దానికి వివరణ.

కృష్ణ వేల ఏళ్ళుగా మన్ను మోసుకొచ్చి ఈ నేలను పరిచింది. వరద ఒడ్డు దాటి పొర్లినప్పుడు బరువైన ఇసుక, ఒండ్రు ఒడ్డు దగ్గరే దిగిపోతాయి. సన్నటి బంకమన్ను దూరం వెళ్ళి పల్లంలో నిలుస్తుంది. అలా జరిగీ జరిగీ ఏటి ఒడ్డు ఎత్తయింది, దూరం జరిగేకొద్దీ నేల పల్లమైంది. మామూలుగా ఏరంటే పల్లంలో ఉంటుందనుకుంటాం, డెల్టాలో ఆ లెక్క కుదరదు. అందుకని కాలువలు తవ్వినవాళ్ళు ఎత్తు మీద, మిట్టలు చూసుకుని తవ్వారు. తూము ఎత్తితే నీళ్ళు వాటంతటవే రెండు పక్కలా చేలల్లోకి దిగాలి కదా. ఆ చేలు తాగి వదిలేసిన నీళ్ళు రెండు కాలువల మధ్య పల్లానికి చేరతాయి. అక్కడ డ్రెయిన్లు తవ్వారు. మన ఊళ్ళలో మురుగుకాలువలంటాం.

మీ ఫోన్‌లో ఈ రెండూ నీలం గీతలే. చిక్కంతా అక్కడే వస్తుంది. కాలువ కట్ట గట్టిగా ఉంటుంది, ఊరి నుంచి ఊరికి తెగకుండా పోతుంది, ప్రతి వంతెన దగ్గరా ఏదో ఒక టీ కొట్టు దొరుకుతుంది. డ్రెయిను గట్టు అలా ఉండదు. బంకమట్టి, తుంగ, నీళ్ళ మీద గుర్రపుడెక్క. నాలుగు కిలోమీటర్లు బాగానే తీసుకెళ్ళి, ఎవరో వేసుకున్న తాటి దుంగ దగ్గర వదిలేస్తుంది. సైకిలు భుజాన వేసుకుని ఆ దుంగ దాటాలి, లేదా వచ్చినదారినే వెనక్కి రావాలి. ఏది ఏదో తెలుసుకోవడానికి మ్యాపు అక్కర్లేదు, నీళ్ళను చూడండి. నీళ్ళ మట్టం చేను మట్టానికి పైన ఉంటే అది కాలువ. చేనుకి మూడు నాలుగడుగులు కింద ఉంటే డ్రెయిను. ఇంతే.

ఈ కట్టలు ఇంత చదునుగా, ఇంత పొడుగ్గా ఎందుకున్నాయో కూడా చెప్పాలి. 1852లో బెజవాడ దగ్గర ఆనకట్ట పని మొదలైంది. దగ్గరుండి కట్టించింది చార్లెస్ ఓర్ అనే కెప్టెన్. 1855కల్లా పూర్తయింది. ఆ కాలువలు సాగుకెంత ముఖ్యమో పడవలకూ అంతే ముఖ్యం. బందరు కాలువ మచిలీపట్నం వైపు, ఏలూరు కాలువ గోదావరి కాలువల్లోకి, ఇటు పడమటి గట్టున కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువలోకి, అక్కణ్ణుంచి మద్రాసుకి. గాలి లేనప్పుడు పడవను తాడుతో లాగేవాళ్ళు. లాగేవాడు కట్ట మీదే నడవాలి. వాడి కాలికి అడ్డం ఉండకూడదు, తాడుకి చెట్టు తగలకూడదు. ధాన్యం పడవలు పోయి రైళ్ళు, లారీలు వచ్చాయి. 1952లో ఆనకట్టకు గండి పడింది, 1957కి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. పడవ లాగినవాళ్ళ బాట మాత్రం చాలాచోట్ల అలాగే ఉంది. ఇవాళ మీరు తొక్కుతున్నది దాని మీదే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నేను చెప్పే దారి సీతానగరం నుంచి దుగ్గిరాల. బ్యారేజీ దాటి ఎడమ చేతికి తిరిగి పడమటి ప్రధాన కాలువ పట్టుకోండి. దుగ్గిరాల లాకుల దగ్గర కాలువ చీలుతుంది. ఒకటి తెనాలి వైపు, ఒకటి నిజాంపట్నం వైపు, ఒకటి కొమ్మమూరు కాలువ. అక్కడ కాసేపు దిగి నిలబడండి. పడవలను ఎత్తడానికీ దించడానికీ రెండు తలుపుల మధ్య కట్టిన ఆ రాతి గది, రాళ్ళ అంచుల్లో తాళ్ళు ఒరుసుకున్న గాళ్ళు, పక్కన వంపు తిరిగిన మెట్లు. సీజన్లో అయితే పసుపు వాసన ఊరంతా ఉంటుంది, యార్డు అక్కడే కదా. గుంటూరు వైపు నుంచి వచ్చేవాళ్ళు సంగంజాగర్లమూడి దగ్గర కట్ట ఎక్కితే కొమ్మమూరు కాలువ మీదుగా ఇదే చోటికి తేలతారు.

కరకట్ట వేరు, కాలువ కట్ట వేరు. ఇది చాలామంది కలిపేస్తారు. కరకట్ట ఏటి వరదను ఆపడానికి కట్టింది. దాని మీద ఇప్పుడు చాలాచోట్ల తారు రోడ్డు ఉంది, ఇసుక ట్రాక్టర్లు తిరుగుతుంటాయి. నిజం చెప్పాలంటే కరకట్ట మీద తొక్కడం విసుగు. అసలు రుచి దాని లోపలి పక్కన, కట్టకీ ఏటికీ మధ్య లంకల్లో ఉంది. కొల్లిపర, కొల్లూరు దాటాక ఎక్కడైనా ట్రాక్టరు దిగే ర్యాంపు చూసుకుని లోపలికి దిగండి. అరటి, కంద, పసుపు, తమలపాకు తోటలు. దారి ఒక చోట రాయిలా గట్టిగా ఉంటుంది, పదడుగులు పోయేసరికి ఇసుక. ముందు చక్రం కూరుకుపోయి హ్యాండిల్ దానంతట అది తిరుగుతుంది. అప్పుడు బ్రేకు వేశారో పడ్డట్టే. తేలిక గేరు ముందే వేసుకుని, బరువు కాస్త వెనక్కి నెట్టి, హ్యాండిల్‌ని బిగించకుండా వదులుగా పట్టుకుని, కాళ్ళు ఆపకుండా తొక్కుతూ పోవాలి. తెల్లారుజామున అయితే మంచుకి ఇసుక తడిసి కాస్త గట్టిపడుతుంది, పని సగం తేలిక.

లంక దారులు ఏటేటా మారతాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద మీ అందరికీ గుర్తే, పడవలు కొట్టుకొచ్చి గేట్లకు తగిలిన వరద అది. ఆ తర్వాత లంకల్లో పాత దారులు కొన్ని అసలు లేకుండా పోయాయి, తోటలున్నచోట ఇసుక మేటలు వేసింది. కాబట్టి పోయినేడు ఎవరో పెట్టిన జీపీఎస్ ట్రాక్ నమ్ముకుని లంకలోకి దిగకండి. దిగేముందు కట్ట మీద మనిషిని అడగండి.

దారిలో భట్టిప్రోలు వస్తుంది. స్తూపం చూడకుండా పోవద్దు. 1892లో అలెగ్జాండర్ రే అక్కడ తవ్వితే అక్షరాలు చెక్కిన రాతి ధాతుపాత్రలు బయటపడ్డాయి. మన దక్షిణాదిన దొరికిన అతి పాత రాతల్లో అవి ఒకటి. సైకిలు గోడకు ఆనించి పావుగంట చూస్తే మోకాళ్ళకూ విశ్రాంతే.

ఇక బ్యారేజీ ఎగువకు పోతే కథ మారుతుంది. అక్కడ డెల్టా కాదు, లోయ. ఒక పక్క కొండపల్లి కొండలు, ఇంకో పక్క ఉండవల్లి, వైకుంఠపురం కొండలు, మధ్యలో ఏరు. తుళ్ళూరు, అమరావతి, ఇంకా పైన అచ్చంపేట వరకూ చాలాచోట్ల నల్లరేగడి. పత్తికీ మిరపకీ బంగారం. సైకిలుకి, చినుకు పడిందంటే, శత్రువు.

ఒకసారి దగ్గరగా చూస్తే కానీ నమ్మరు. చినుకులు పడ్డ పొలం డొంకలో పది గజాలు పోనివ్వండి. టైరుకి మన్ను అంటుకుంటుంది, ఆ మన్నుకి గడ్డి, గడ్డికి మళ్ళీ మన్ను. ముందు చక్రం లావెక్కి, దాన్ని పట్టుకునే ఫోర్కు మధ్య ఒరుసుకుంటుంది, వెనక చక్రం ఫ్రేములో బిగుసుకుంటుంది. గేరు మార్చే ఆ చిన్న చెయ్యి లోపల మన్ను ముద్ద. ఇంకా బలం పెట్టి తొక్కితే ఆ చెయ్యి, అదే డీరైలర్, తిరిగి చక్రం చువ్వల్లోకి పోతుంది, లేదా దాన్ని ఫ్రేముకి బిగించే హ్యాంగర్ విరుగుతుంది. దిగి నెట్టుదామంటే చక్రం తిరగదు. ఎత్తుకుందామంటే సైకిలు బరువు రెట్టింపైంది. మీ చెప్పులు అప్పటికే ఎత్తు మడమలయ్యాయి. (నవ్వులు) ఆ రేగడి బంకకి నీళ్ళు తగిలితే ఉబ్బే గుణం ఉంది, ఆరితే కుంచించుకుపోయే గుణమూ ఉంది. అందుకే ఎండాకాలంలో నెర్రెలు విచ్చుతుంది. దారికి అడ్డంగా ఉన్న నెర్రె ఏం చేయదు. దారి పొడవునా ఉన్నది సన్న టైరును మింగేస్తుంది. రెండంగుళాలు దాటిన టైరు ఉంటే చాలావరకు పైనే పోతుంది. వాన పడితే మాత్రం టైరు ఎంత లావైనా ఒకటే, రెండు మూడు మంచి ఎండలు కాసేదాకా ఎగువ డొంకల జోలికి పోవద్దు. ఒక కందిపుల్ల సంచిలో ఉంచుకోండి, మన్ను గీకడానికి దాన్ని మించింది లేదు.

సైకిలు గురించి అడుగుతారని తెలుసు. ఈ ఆట పుట్టింది కాలిఫోర్నియాలో, మెరిన్ కౌంటీ కొండల్లో. 1976 అక్టోబరులో అక్కడ కొండ దిగే పందెం మొదలైంది. పాత లావు టైర్ల సైకిళ్ళేసుకుని దిగేవాళ్ళు, వెనక హబ్బు బ్రేకు కాలి గ్రీజంతా పొగై పోయేది, కిందికొచ్చాక మళ్ళీ గ్రీజు కూరుకునేవాళ్ళు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో మౌంటెన్ బైకు క్రాస్ కంట్రీ పోటీ చేరింది. ఇదంతా ఎందుకంటే, షోరూంలో మీకు చూపించే ముందూ వెనకా స్ప్రింగులున్న బళ్ళు ఆ కొండల కోసం తయారైనవి. మన కట్టల మీద వెనక సస్పెన్షన్ దండగ ఖర్చు. ముందు ఫోర్కు 100 మిల్లీమీటర్లు కుంగితే చాలు. డబ్బులుంటే టైర్ల మీద పెట్టండి.

గాలి కూడా తగ్గించండి. పంక్చరు షాపులో రాయిలా కొట్టించుకుని వస్తారు. 70 కిలోల మనిషికి 2.2 అంగుళాల ట్యూబ్‌లెస్ టైరైతే ముందు 20, వెనక 24 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెట్టి, మీకు నచ్చేదాకా అటూ ఇటూ మార్చుకోండి. ట్యూబు ఉంటే ఇంకో నాలుగైదు కలపండి, లేకపోతే రిమ్ము నొక్కి ట్యూబు చిరుగుతుంది. గతుకుల మీద గట్టి టైరు ఎగురుతుంది, మెత్తటి టైరు పాకుతుంది. ఎగిరిన ప్రతిసారీ మీ కష్టం గాల్లో పోతున్నట్టు లెక్క.

ట్యూబ్‌లెస్ అని ఎందుకంటున్నానంటే పల్లేరుకాయలు. చేతిలోకి తీసుకుని చూడండి ఎప్పుడైనా. ఎండాక కాయ అయిదు ముక్కలవుతుంది, ప్రతి ముక్కకీ కొమ్ముల్లా రెండు ముళ్ళు. ఎలా పడ్డా ఒక ముల్లు పైకి చూస్తూనే ఉంటుంది. సంక్రాంతి దాటాక కట్టల మీద ఇవి పరుచుకుని ఉంటాయి. ట్యూబ్‌లెస్ టైరు లోపల సీలెంట్ అనే జిగురు ద్రవం ఉంటే అది చిల్లు పూడ్చేస్తుంది, ముల్లు అక్కడే వదిలేసి ఇంటికొచ్చాక పీకండి. మన ఎండలకి సీలెంట్ తొందరగా గడ్డకడుతుంది, రెండు మూడు నెలలకోసారి వాల్వు విప్పి చూసుకోవాలి. సర్కారుతుమ్మ ముల్లు వేరే జాతి. కంప కొట్టి ఈడ్చిన దారి కనిపిస్తే దిగి నడవండి, సిగ్గుపడాల్సిందేం లేదు.

కొండ లేదన్నానే, గాలి ఉంది. చెట్టూ చేమా అడ్డు లేని చేలల్లో ఎదురుగాలి కొండ కంటే పొగరుగా ఉంటుంది. కొండకైతే దిగుడుంది, దీనికి అది కూడా లేదు. ఎండాకాలంలో పొద్దున గాలి ఉండదు. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి పైరగాలి మొదలవుతుంది. కాబట్టి పొద్దున్నే దక్షిణానికి, రేపల్లె వైపు దిగిపోండి. మధ్యలో ఎండ తగ్గేదాకా ఎక్కడైనా ఆగి, సాయంత్రం గాలి వీపుకి పెట్టుకుని రండి. చలికాలంలో ఈశాన్యపు గాలి. అప్పుడు ముందు ఏలూరు కాలువ వైపు పోయి తిరిగి రావడం తెలివైన పని. రోహిణి కార్తెలో మాత్రం తొమ్మిదికల్లా ఇంట్లో ఉండండి, రోళ్ళు పగిలే ఎండలో మీ బుర్రల సంగతి నేను చెప్పక్కర్లేదు.

ఇంకొక్క సంగతి, ఇది కాస్త గట్టిగానే చెప్తాను. మనం తొక్కే దారి ఎవరో పని చేసుకునే చోటు. డిసెంబరు చివర్లో నాతో వచ్చిన ఒక కుర్రాడు, కోత అయిపోయిన చేను చూసి, అడ్డంగా పోతే దగ్గర కదా అని సైకిలు దింపాడు. అవతల గట్టు మీద పెద్దాయన కేకేశాడు.

"అబ్బాయ్, ఆగాగు! చేలో దిగావేంది?"

"ఖాళీగానే ఉంది కదా బాబాయ్."

"ఖాళీ ఏందయ్యా? వంగి చూడు."

వంగి చూశాడు. కోసిన మోళ్ళ మధ్య మినుము మొలకలు, ఒక్కోదానికి రెండేసి ఆకులు, చిటికెన వేలి గోరంత. వరి కొయ్యబోయే ముందు ఆ తడిలోనే మినుము చల్లేస్తారు మన వైపు. దూరం నుంచి చూస్తే మోళ్ళే కనిపిస్తాయి. మావాడి టైరు గీత వెంబడి ఆ మొలకలన్నీ బురదలోకి దిగిపోయి ఉన్నాయి. పెద్దాయన తిట్టలేదు. "ఆ బోదె గట్టు పట్టుకుని పో, లాకుల కాడికి తేలతావు" అన్నాడంతే. తిట్టినా బాగుండేదని ఆ కుర్రాడు తర్వాత అన్నాడు.

రోడ్డు మీద వడ్లు ఆరబోస్తే చుట్టూ తిరిగి పోండి. వాటి మీద టైరు జారుతుంది, పడేది మీరే. మిరప కల్లాల పక్కన ముక్కుకు గుడ్డ కట్టుకోండి. మందు కొడుతుంటే ఆ వాసన పోయేదాకా ఆగండి. కొండల దగ్గర చేలల్లో అడవిపందుల కోసం దొంగచాటుగా కరెంటు తీగ లాగుతారు, చీకటి పడ్డాక అటు వెళ్ళనే వద్దు. కోతల రోజుల్లో గట్టు మీద కాలు పెట్టేముందు చూసి పెట్టండి, రక్తపింజరి తప్పుకోదు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.

(సభలో ఒకరు: వానాకాలమంతా సైకిలు మూల పెట్టాల్సిందేనా సార్?)

అక్కర్లేదమ్మా. అప్పుడే కొండలు పనికొస్తాయి. కొండపల్లి వైపు, మూలపాడు వైపు గరపనేల, రాళ్ళు. వాన పడ్డ గంటకే నీళ్ళు జారిపోతాయి. అడవి లోపలికి వెళ్ళాలంటే ఫారెస్టువాళ్ళ అనుమతి తీసుకుని వెళ్ళాలి. కొండవీడు ఘాట్ రోడ్డు కూడా వానాకాలంలోనే బాగుంటుంది, దిగేటప్పుడు మాత్రం మలుపుల్లో ఆకులు, నాచు చూసుకోండి.

(ఇంకొకరు: కట్ట మీద కుక్కలు వెంటపడితే?)

పారిపోకండి. వాటి సరదా మీరు పారిపోవడమే. దిగి, సైకిలు మీకూ దానికీ మధ్య పెట్టుకుని నడవండి. పది అడుగులు పోయేసరికి దాని హద్దు దాటేస్తారు, అది తిరిగెళ్ళిపోతుంది.

(ఇంకొకరు: కాలువలకు నీళ్ళు కట్టేసిన నెలల్లో కట్టలు ఎలా ఉంటాయి?)

మంచి ప్రశ్న. ఎండాకాలంలో నీళ్ళు ఆపాక పూడిక తీస్తారు, తీసిన మన్ను కట్ట మీదే పోస్తారు. నిన్న నున్నగా ఉన్న దారి ఇవాళ కుప్పలు కుప్పలుగా ఉంటుంది. అది ఎండి, ట్రాక్టర్లు తొక్కి సర్దుకునేదాకా అవతలి కట్ట మీద పోండి, రెండు పక్కలా ఒకేసారి పొయ్యరు సాధారణంగా. పొక్లెయిన్ పని చేస్తుంటే దాని చెయ్యి తిరిగేంత దూరంలోకి వెళ్ళొద్దు. ఆపరేటరు మిమ్మల్ని చూసి, పని ఆపి, రమ్మని చెయ్యి ఊపాకే కదలండి. మీ బెల్లు వాడికి వినపడదు.